అయిదు గిన్నెల పప్పు, బాపట్ల మీటింగు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకి ఆనుకుంటే నడుముకి హాయిగా ఉంటుంది. మా మేనకోడలి పెద్ద చదువును పెద్ద సార్ల చెవిన వేయడానికి మేం పడిన పాట్లు చెబుతాను, వినండి.

నేను చదివింది నాలుగో తరగతి. తెనాలిలో కాపురం పెట్టి నలభై ఏళ్లు దాటింది. పుట్టిల్లు మాత్రం రేపల్లె దాటి, సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు. అక్కడ మా తమ్ముడు మూడెకరాల్లో వరి పండిస్తాడు. వాడి కూతురు బాపట్లలో నేల మీద, నీటి మీద పరిశోధన చేస్తోంది. సముద్రం పైకి లేస్తోందనీ, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు మురుగు కాలువలోంచి ఎగదన్ని పొలాల కిందికి చేరుతోందనీ ఆ పిల్ల చెబుతుంది. కొంతవరకూ ఆ ఉప్పును వానలే కడిగేస్తాయట. ఒక హద్దు దాటిందంటే మాత్రం ఎన్ని వానలు కురిసినా ఆ నేల మళ్లీ మామూలు కాదట. దాన్ని వాళ్లు టిప్పింగ్ పాయింట్ అంటారు. మా ఊరు ఆ హద్దు అంచున ఉంది. కాలువ సముద్రంలో కలిసేచోట పోటునీళ్లను ఆపే ఇనుప షట్టర్లు తుప్పుపట్టి ఊడిపోయాయి. ఈ ఏడే వాటిని బిగించకపోతే తమ్ముడి మూడెకరాలూ మాకు దక్కవు.

ఆ సంగతి చూపిద్దామని పిల్ల కాలువల శాఖ సార్లను ఊళ్లోకి తీసుకొచ్చింది. వంటకు నేను తెనాలి నుంచి రైల్లో వెళ్లాను. ఇంటికి పెద్దవాళ్లు వస్తుంటే ఉప్పు బావి నీళ్లతో వండుతామా? తమ్ముడు తెల్లారే మోటారు సైకిలు మీద రేపల్లె వెళ్లి రెండు టిన్నుల మంచినీళ్లు తెచ్చాడు. దోసకాయ పప్పు వెన్నలా ఉడికింది. సార్లు ఆవురావురుమంటూ తిన్నారు.

"పప్పు భలే కుదిరిందమ్మా," అన్నారు పెద్ద సారు, చెయ్యి కడుక్కుంటూ. "మంచినీళ్లూ బాగానే ఉన్నాయి. మీ అమ్మాయి భయపెట్టినంతేం లేదే!"

"తమ దయండి," అన్నాడు తమ్ముడు, మర్యాదగా తువ్వాలు అందిస్తూ.

జీపు కదిలిందో లేదో పిల్ల తండ్రి మీద విరుచుకుపడింది. "రెండేళ్లు ఎండలో తిరిగి ఉప్పు కొలిచాను నాన్నా! నువ్వు రెండు టిన్నులతో కడిగేశావు!"

"అయితే ఏంటే? ఇంటికొచ్చినవాళ్లకి ఉప్పునీళ్లు పోసి పంపమంటావా?"

తండ్రిని తిట్టింది కానీ వండినదాన్ని నేనే కదా. నాకూ తట్టలేదు. తప్పు సగం నాది.

"మళ్లీ ఎప్పుడు కలుస్తారే వాళ్లు?" అని అడిగాను.

"మంగళవారం, బాపట్లలో మీటింగు. ఈ ఏడు చెయ్యాల్సిన పనులు ఆ రోజే రాసేస్తారు."

"నేనూ వస్తా."

"నువ్వొచ్చి ఏం చేస్తావత్తయ్యా?"

"వంట చేసుకొస్తా," అన్నాను. పిల్ల తలపట్టుకుంది.

మంగళవారం పొద్దున్నే ఊళ్లోని నాలుగు బావుల నీళ్లు, తమ్ముడి పొలంలోని బావి నీళ్లు విడివిడిగా తెప్పించాను. ఒకే పప్పు, ఒకే కొలత, ఒకే సెగ. కుక్కరు వాడలేదు. అయిదు గిన్నెల క్యారేజీలో సర్దుకుని, రేపల్లెలో బస్సెక్కి బాపట్ల చేరాం.

మీటింగులో పిల్ల తెర మీద గీతలు చూపించి చక్కగానే చెప్పింది. పెద్ద సారు విన్నారు. విని, "నీ కొలతలు రెండేళ్లవే కదమ్మా. అంతకుముందు ఎలా ఉండేదో రికార్డేదీ? మొదట్నుంచీ ఇంతేనేమో," అన్నారు.

నేను క్యారేజీ పట్టుకుని లేచాను. గుమ్మం దగ్గరి అటెండరు పరుగున వచ్చాడు. "అమ్మగారూ, భోజనాలు బయటండి!"

"భోజనం కాదు నాయనా, రికార్డు."

గిన్నెలు బల్ల మీద వరసగా పెట్టి, నమిలి చూడమన్నాను. పెద్ద సారు మొహమాటంగానే ఒక పలుకు నోట్లో వేసుకున్నారు. "ఇదేంటమ్మా, ఉడకలేదు?"

"గంటన్నర ఉడికించానండి. ఉప్పెక్కిన నీళ్లలో పప్పు ఉడకదు. ఇది చివరింటి బావి. నా పెళ్లికి ఊరంతటికీ ఆ నీళ్లతోనే వండారు. మా పెద్దాడి పురిటికి వెళ్లేసరికి వాటిలో పప్పు ఉడకడం మానేసింది. రెండోది బడి పక్కది, పెద్దాడు కాలేజీలో చేరిన ఏడు పోయింది. కాదు, తప్పు చెప్పాను, పరీక్ష తప్పి ఇంట్లో ఉన్న ఏడు. ఈ మూడోదీ నాలుగోదీ మా మనవడి అన్నప్రాసన అయిన ఏడు ఒక్క వేసవిలోనే పోయాయండి. ఈ అయిదోది మా తమ్ముడి పొలంలోది. నమలండి."

"సగం ఉడికింది," అన్నారాయన.

"అదేనండీ మా అమ్మాయి చెప్పేది. అది ఇంకా పోలేదు. పోబోతోంది."

పిల్ల ఒక్కొక్క ఏడూ అడిగి కాగితం మీద చుక్కలు పెట్టింది. మొదట చాలా ఏళ్లకు ఒక చుక్క, ఆఖర్న పక్కపక్కనే రెండు.

"మరి ఆ రోజు మాకు పెట్టిన పప్పు?" అన్నారు పెద్ద సారు.

"అది రేపల్లె టిన్ను నీళ్లండి. మా తమ్ముడి మర్యాద."

ఆయన పకపకా నవ్వారు. నవ్వు ఆగాక కుర్చీ ముందుకు లాక్కుని, "ఆ గీత మళ్లీ మొదట్నుంచీ చూపించమ్మా," అన్నారు. ఈసారి మధ్యమధ్యలో ఆపి ఎన్ని ప్రశ్నలు అడిగారో! షట్టర్లతో సముద్రం ఆగదు కదా అని కూడా అడిగారు. "ఆగదు సార్. కానీ మనకి కొన్నేళ్ల వ్యవధి దొరుకుతుంది," అంది పిల్ల, ఏమీ దాచకుండా. షట్టర్ల పని ఆయన తన చేత్తోనే పనుల పట్టీలో రాశారు.

వానలకు ముందే కొత్త షట్టర్లు బిగించారు. పౌర్ణమి పోటు నాడు తమ్ముడు కాలువ గట్టు మీద నిలబడి ఫోన్ చేశాడు.

"అక్కా, నీళ్లు అవతలే ఆగాయే! ఇవతల నారుమడి పచ్చగా ఉంది."

ఆ మాటకు నా కడుపు నిండిపోయింది. పిల్ల ఇప్పుడు ఊరూరా ఆడవాళ్ల దగ్గర కూర్చుని ఏ బావి ఎప్పుడు మారిందో రాసుకుంటోంది. వాళ్ల లెక్కలు పట్టుకుని మళ్లీ మీటింగులకు వెళ్తుంది. నన్నూ రమ్మంటుంది, మోకాళ్లు సహకరిస్తే వెళ్తాను.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లల మాట పెద్దల చెవికెక్కాలి. మీ గడపలోకి ఏటేటా కొత్త ధాన్యం రావాలి.