లక్షా మూడు

నిన్న మా వంటగదికి బండ కోస్తుంటే తడిసిన రాతిపొడి వాసన వచ్చింది. నా చిన్నప్పుడు నాయన ఒంటి నిండా అదే వాసన. బేతంచెర్లలో నాపరాయి కోసేవాడు.

నాయనకు దగ్గు ముదిరాక తీసిన ఎక్స్‌రే మీద 100003 అని నంబరుంది. ఒకటి, తాను తప్ప ఏదీ భాగించలేనిది ప్రధాన సంఖ్య అని బళ్లో అప్పుడే నేర్చుకున్నాను. ఆ నంబరు ప్రధానమో కాదో తేలాలంటే దాని వర్గమూలం, మూడొందల పదహారు దాకా భాగించి చూస్తే చాలన్నారు లెక్కల సారు. అరుగు మీద సుద్దముక్కతో నాలుగు రోజులు భాగించాను. ప్రతిసారీ శేషం మిగిలింది.

"నాయనా, నీ నంబరును ఏదీ ముక్కలు చేయలేదు. నీకేం కాదు!"

నాయన నవ్వబోయి దగ్గాడు. "రాయి గూడా శానా గట్టిది పాపా. అది పొడై నా రొమ్ములో ఉండాది."

ఆ ఏడు వానలు చూడకుండానే పోయాడు.

నిన్న ఫోనులో మళ్లీ భాగించి చూశాను. నా లెక్కలో తప్పు లేదు.