అక్క ఓడిపోయిన మే నెల

మే నెల మొదట్లో ఒక శుక్రవారం పొద్దున కాఫీ కలుపుకుని ఫోన్ తెరిస్తే, ఇంగ్లండులో మా అక్క వాళ్ళ ఊరి కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు వస్తున్నాయి. కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో మాకు తెల్లవారేసరికి అక్కడ మధ్యాహ్నం దాటిపోతుంది. నేను పళ్ళు తోముకునేలోపు సగం వార్డులు తేలిపోతాయి. ఆ ఊళ్ళో నాకు ఓటు లేదు, ఇల్లు లేదు, ఇప్పుడు అక్క కూడా లేదు. అయినా వేలు దానంతటదే జరుపుకుంటూ పోయి అక్క వార్డు దగ్గర ఆగింది. నాకు తెలియని ఎవరో అమ్మాయి గెలిచింది. "ఎవరొచ్చారు?" అని మావారు అవతలి గదిలోంచి అడిగారు, ఇన్నేళ్ళుగా అడిగిన అలవాటు కొద్దీ. చెప్పాను. "ఊఁ" అన్నారు.

మేమిద్దరమే అక్కచెల్లెళ్ళం. బావగారు డాక్టరు కావడంతో అక్క ఇంగ్లండు వెళ్ళింది, మావారి ఉద్యోగం వల్ల నేను కాలిఫోర్నియా వచ్చాను. అక్కది మిల్లులన్నీ మూతపడిన ఊరు. వాన, ఇటుక ఇళ్ళు, గోడలకి నెమ్ము. కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక వీధి చివర చిన్న లైబ్రరీలో పనికి చేరింది. బావగారు గుండెపోటుతో పోయిన ఏడాదే కౌన్సిల్ వాళ్ళు ఆ లైబ్రరీని మూసేస్తామన్నారు. అక్క కంచిపట్టు చీర మీద మోకాళ్ళు దాటిన కోటు వేసుకుని మీటింగుకి వెళ్ళి మాట్లాడిందట. అందరూ చప్పట్లు కొట్టారు, లైబ్రరీ మాత్రం మూసేశారు. అదిగో, అప్పుడు లేచింది అక్కకి పంతం. ఏ పార్టీ లేకుండా స్వతంత్రంగా నిలబడి మొదటిసారి చిత్తుగా ఓడిపోయింది. రెండోసారి గెలిచింది, ఆ పైసారి కూడా గెలిచింది. "ఇంతకీ కౌన్సిలరంటే ఏం చేస్తావే?" అని ఫోన్లో అడిగితే, "ఏముంది, చెత్తడబ్బాలు, రోడ్డు గుంటలు, కుక్కల గొడవలు" అని నవ్వేది. కుక్కలంటే గుర్తొచ్చింది. అక్కడ కరపత్రాలు తలుపుకి ఉత్తరాల కోసం పెట్టిన సందులోంచి లోపలికి తోయాలి. అవతల కుక్క కాచుకుని ఉంటే వేళ్ళు పోతాయి. అందుకని మా అమ్మ ఇచ్చిన అట్లకాడ ఒకటి అక్క చేతిసంచిలో పెట్టుకు తిరిగేది. దాంతో కరపత్రాన్ని నొక్కి లోపలికి తోసేది. ఆ వార్డులో ఎన్ని కుక్కలు మా అమ్మ అట్లకాడని కొరికాయో చెప్పలేను.

నాలుగోసారి ఎన్నికలు దగ్గరపడుతుండగా, చలి ఇంకా తగ్గకముందే, అక్క కూతురు ఫోన్ చేసింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కొంచెం తడుముకుంటూ మాట్లాడుతుంది. "పిన్నీ, అమ్మకి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు లివర్‌లో కూడా ఉంది. అయినా ఎలక్షన్‌లో నిలబడతా అంటోంది. నువ్వు వచ్చి చెప్పు." అక్కకి అంతకుముందు రొమ్ములో క్యాన్సర్ వచ్చి తగ్గింది. తగ్గిందనే అనుకున్నాం. దొరికిన టికెట్ బుక్ చేసుకుని వెళ్ళిపోయాను.

వెళ్ళేసరికి తల్లీ కూతుళ్ళ వాదన వంటింట్లో నడుస్తోంది. అక్క బాగా చిక్కిపోయింది, గొంతు మాత్రం తగ్గలేదు. "ఇది ఫెయిర్ కాదు అమ్మా. వాళ్ళు ఫోర్ ఇయర్స్ అనుకుని నీకు ఓటు వేస్తారు. నువ్వు లేకపోతే మళ్ళీ ఎలక్షన్ పెట్టాలి" అంటోంది కూతురు. ఆ మాట అంటూ తనే ఏడుస్తోంది. అక్క ఉల్లిపాయలు తరుగుతూ, "డాక్టర్ని అడిగా. ఇన్నాళ్ళని చెప్పలేనన్నాడు. ఆయనకే తెలీందాన్ని నేను జనానికేం చెప్పనూ? ఉన్నన్నాళ్ళు పని చేస్తా" అంది. పిల్ల మాటలో న్యాయం ఉందని నాకూ తెలుసు. కానీ అక్క ముఖం చూస్తే వద్దనడానికి నోరు రాలేదు. "పోనీ ఉన్నమాట చెప్పెయ్యక్కా. నువ్వంటే ఇష్టమున్నవాళ్ళు ఇంకా గట్టిగా నిలబడతారు" అన్నాను. కత్తి పక్కన పెట్టి నా వంక చూసింది. "జాలిపడి వేసే ఓటు నాకొద్దే. అట్లా గెలిస్తే అది నా గెలుపు కాదు, జబ్బు గెలుపు" అంది. ఇక ఆ మాట నేనెత్తకుండా, అక్కడే ఉండిపోయి తనతో పాటు ఇంటింటికీ తిరిగాను.

మా శాన్ రామన్‌లో బ్యాలెట్ పోస్టులో వస్తుంది, భోజనాల బల్ల మీద పెట్టుకుని నింపి పంపేస్తాం. తలుపు తట్టేవాళ్ళుంటే కెమెరాలో చూసి ఊరుకుంటాం. అక్క వార్డులో మాత్రం తలుపులు తీసేవాళ్ళు. అక్క నాలుగిళ్ళు తిరిగి, ఎవరిదో ప్రహరీ గోడ మీద కూర్చుని ఊపిరి తీసుకుని, మళ్ళీ లేచేది. నడవలేకపోతున్నావేమని ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పుల మీదికి నెట్టేసేది. పేర్లన్నీ తెలుసు, ఎవరి పిల్లలు ఎక్కడున్నారో తెలుసు. ఒక ఇంట్లో ముసలాయన అక్కని నిలబెట్టి, నువ్వు మంచిదానివేగానీ ఈసారి కొత్తవాళ్ళకి వేస్తాను, నువ్వు అలిసిపోయినట్టున్నావు అన్నాడు. అక్క నవ్వి ఆయనకి థాంక్స్ చెప్పింది. గేటు దాటాక నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఓట్ల లెక్కింపు పిల్లలు ఆటలాడుకునే పెద్ద హాల్లో. పొడుగాటి బల్లలు, వాటికి ఇవతల మేము, అవతల కాగితాలు లెక్కపెట్టే మనుషులు. పోటీ చేసినవాళ్ళు వంగి వంగి చూడొచ్చు, ముట్టుకోకూడదు. అక్క మీద నిలబడ్డది ఒక పెద్ద పార్టీ కుర్రాడు. సూటు భుజాల దగ్గర వదులుగా ఉంది, గోళ్ళు కొరుక్కుంటున్నాడు. తేడా ఎంతో లేదు, ఒక బస్సులో పట్టే జనమంత. మళ్ళీ లెక్కపెట్టించారు. అక్కే వెనకబడింది. ఇంకోసారి అడగమని కూతురే చెవిలో చెప్పింది. వద్దన్న పిల్లే అడగమంది! అక్క ఆ బల్లల వంక చూసి, "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు పాపం. చాలమ్మా, ఇళ్ళకి పోనీ" అంది. వేదిక మీద అధికారి అంకెలు చదువుతున్నంతసేపూ నిటారుగా నిలబడింది. తర్వాత ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని, ఏ వీధిలో ఏ ముసలమ్మ ఇంటికి నెమ్ము దిగుతోందో, పిల్లాడికి ఆయాసం ఉన్నది ఎవరింట్లోనో చెప్పడం మొదలుపెట్టింది. ఫొటోల కోసం వాళ్ళవాళ్ళు లాక్కెళ్ళేదాకా అతను తలూపుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే సోఫాలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. కిటికీ బయట ఎవరి పిల్లలో సైకిళ్ళు తొక్కుతున్నారు. "చిన్నదానా, ఒకటి చెప్తా, నవ్వకూడదు" అంది. "నాలుగేళ్ళ పని ఒప్పజెప్తే మధ్యలో వదిలేసి ఎట్లా పోతాం? ఉండి తీరాలిగా. గెలిస్తే ఆ నాలుగేళ్ళూ ఉంటానని అనుకున్నానే. పిచ్చిదాన్ని." నాకు నవ్వు రాలేదు. టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చిన కూతురు ఆ మాట విననే వింది. కప్పులు కింద పెట్టి, తల్లి ఒళ్ళో తల దాచుకుంది. అక్క ఆ పిల్ల జుట్టు సవరిస్తూ, "నువ్వు చెప్పిందే కరెక్టులే" అంది.

ఆ కుర్రాడు కొన్నాళ్ళకి పూలు పట్టుకుని ఇంటికొచ్చాడు. మంచం పట్టిన మనిషిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ముందే తెలిసుంటే, అని ఏదో అనబోతే అక్క ఆపేసి, నెమ్ము గోడ సంగతి ఏమైందని అడిగింది. బాగుచేయించాడట. అక్క ముఖంలో నేను చూసిన చివరి సంతోషం అదే. వేసవి ముగిసేలోపే వెళ్ళిపోయింది. అంత్యక్రియలకి వార్డు సగం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు ఒకటే మాట: మాకు తెలియదు, తెలిస్తే ఓటు వేసేవాళ్ళం. అలా వేయకూడదనే తను చెప్పలేదని ఎవరితో అనగలను? తలూపుతూ నిలబడ్డాను.

అక్క పోయినప్పటి వయసు ఈ సంవత్సరం నేను దాటాను. చిన్నప్పుడు దాని గౌన్లు నాకు, దాని పుస్తకాలు నాకు. ఏదైనా ముందు తను చూసి ఎలా ఉంటుందో చెప్పాకే నా దాకా వచ్చేది. ఇక మీదట వచ్చే ప్రతి సంవత్సరమూ అక్క చూడనిది. చిన్నదానా అని పిలిచేవాళ్ళు లేకుండా, దానికన్నా పెద్దదాన్నై, ఆ సంవత్సరాల్లోకి నేను ఒక్కదాన్నే నడవాలి.