రేపల్లెలో జరగని పెళ్లి

మా చెల్లెలు తొమ్మిదో తరగతి చదివే కూతురికి పెళ్లి చేయబోతే అధికారులొచ్చి ఆపారని రేపల్లెలో కొందరు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అది శుద్ధ అబద్ధం. అసలు జరిగింది అంతకంటే ఘోరం, దానికి కారకుణ్ణి నేను. నవ్వేవాళ్లు నవ్వండి కానీ, చివరిదాకా చదివి నవ్వండి.

నేను బాపట్లలో పిల్లల సంక్షేమం చూసే ఒక కార్యాలయంలో లెక్కల మనిషిని. కిందటేడు మాకొక ఏఐ ఏజెంటు వచ్చింది. అంటే, ప్రశ్న అడిగితే తనే వెతికి జవాబు చెప్పే కంప్యూటరు సహాయకుడు. ఎంత తెలివైన చుట్టమైనా మన ఇంట్లో బియ్యం డబ్బా ఎక్కడుందో మనమే చూపించాలి కదా. అలా మా లెక్కల్లోకి దానికి దారి చూపించే టూల్ తయారుచేసే పని నా మీద పడింది. బడి మానేసినవాళ్లు, బరువు తక్కువ పిల్లలు, పనికెళ్తున్న పిల్లలు, బాల్యవివాహాలు, ఇలా వర్గాలు. వర్గం తెరిస్తే మండలం, దాని కింద ఊరు, దాని కింద వీధి. ఏజెంటు ఒక్కో తలుపే తీసుకుంటూ, అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా అన్నీ చూసుకుంటూ పోతుంది.

తయారయ్యాక పరీక్షించాలి. సున్నా ఉన్న వీధిని టూల్ చూపించదు. బాల్యవివాహాల కిందేమో వీధులన్నీ సున్నాలే. పరీక్షకు విడిగా ఒక నకలు చేసుకోవాలని బుద్ధున్నవాడికి తోస్తుంది. నేను అసలు లెక్కల్లోనే చేతికొచ్చిన వీధి పేరు కొట్టి ఒకటి వేశాను. మనిషి చేతికి ఏ వీధి వస్తుంది? చెల్లెలి ఇల్లున్న వీధి.

"రేపల్లెలో ఒక బాల్యవివాహం ఉన్నట్టు గుర్తించాను" అంది ఏజెంటు.

శభాష్ అనుకుని ఆ ఒకటి చెరపబోతున్నాను. సరిగ్గా అప్పుడే చెల్లెలి ఫోను.

"అన్నయ్యా, తెనాల్లో దండలు తీసుకుని సాయంత్రం రైలుకి వస్తావా? లేకపోతే రేపు ఓణీల ఫంక్షన్ నువ్వు లేకుండానే కానిచ్చేయమంటావా?"

"వస్తున్నానమ్మా, చెప్పులేసుకుంటున్నా!"

పట్టుబట్టలు పెట్టాల్సిన మేనమామ లేకపోతే అది ఫంక్షనే కాదు. గబగబా కంప్యూటరు కట్టేసి పరిగెత్తాను. ఒకటి మాత్రం నింపాదిగా అక్కడే కూర్చుంది.

మర్నాడు రేపల్లెలో పందిరి, సన్నాయి, గుమ్మానికి అరటి చెట్లు, మా మేనకోడలు శ్రావణి బొమ్మతో మనిషెత్తు ఫ్లెక్సీ. శ్రావణి పట్టుచీరలో, మెడలో దండతో కుర్చీలో కూర్చుంది. "మేనమామగారూ, మీరూ ఓ దండేసుకుని పక్కన కూర్చోండి, ఫొటో నిండుగా ఉంటది" అన్నాడు ఫొటోగ్రాఫరు. పట్టుపంచె కట్టిన మనిషికి ఆ మాత్రం సరదా ఉండదా? కూర్చున్నాను.

వీధిలో జీపు ఆగింది. మా ఆఫీసరు మేడమ్, వెనకే మహిళా కానిస్టేబులు దిగారు. 'ఈరోజు ముందు ఎక్కడికెళ్లాలి?' అని మేడమ్ పొద్దున్నే ఏజెంటుని అడిగితే, అది ఈ వీధి పేరు చెప్పిందట. సన్నాయి ఆగిపోయింది.

"పెళ్లికొడుకేడి?"

"ఇడుగోండి మేడమ్, దండతో కూర్చున్నాడు. తండ్రి వయసుంది, సిగ్గన్నా లేదు" అంది కానిస్టేబులు.

మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు. "మీరా!"

"నేనేనండి. అంటే, నేను కాదండి."

"శుభకార్యం అని సెలవు పెట్టారు. ఇదా శుభకార్యం?"

మా బావగారు అడ్డం వచ్చారు. "అయ్యో, ఇది ఓణీల ఫంక్షనండి! ఆయన పిల్లకి మేనమామండి!"

"మేనమామలకిచ్చి చేస్తున్నారనేగా మేం తిరిగేది" అంది కానిస్టేబులు.

శ్రావణి లేచింది. "మేడమ్, మావయ్యకి మా అత్తయ్య ఉంది. అదిగో, గారెలు వడ్డిస్తోంది."

మా ఆవిడ గరిటెతో సహా వచ్చింది. "ఈయనకి ఇంకో పెళ్లా! ఉన్న ఒక్క పెళ్లాం చెప్పిన సరుకులే గుర్తుండవు మేడమ్."

మేడమ్ కొంచెం మెత్తబడ్డారు. "మరి ఏజెంటు చెప్పిన ఆ ఒకటి?"

"పరీక్షకని నేనే వేశానండి."

చెల్లెలు నన్ను చూసిన చూపుకి ఆ దండ వాడిపోయే ఉంటుంది.

మేడమ్ ఫోన్లో టూల్ తెరిచారు. "వచ్చాక ఏదో ఒకటి నొక్కి మూసేయాలిగా. 'జరిగింది', 'ఆపాం', రెండే ఉన్నాయి. 'అసలు పెళ్లే లేదు' అనేది ఏది?"

"పెట్టలేదండి."

"ఎవరు పెట్టలేదు?"

"నేనేనండి."

మేడమ్ నిట్టూర్చి 'ఆపాం' నొక్కారు. మర్నాడు ఏజెంటు కార్యాలయమంతటికీ శుభవార్త చెప్పింది: "రేపల్లెలో ఒక బాల్యవివాహాన్ని విజయవంతంగా ఆపారు. అభినందనలు."

ఆ కబురు నాకంటే ముందు రేపల్లె చేరింది. తరగతిలో పిల్లలు శ్రావణిని "నీ పెళ్లికొడుకు ముసలాడంటగా?" అని ఏడిపించారు. చెల్లెలు ఫోను చేసింది.

"అది బడికెళ్లనని మంచం దిగట్లేదు అన్నయ్యా. బడి మానేసినవాళ్ల లెక్క కూడా నీ దగ్గరే ఉందిగా. అందులోనూ ఒకటి వేసుకో."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. మేడమ్ కాళ్లావేళ్లా పడి ఆ పెళ్లిని లెక్కల్లోంచి తీయించాను. తర్వాత రేపల్లె వెళ్లి, హెడ్మాస్టరు గారి అనుమతితో తొమ్మిదో తరగతిలో నిలబడ్డాను.

"పిల్లలూ, ఆ ముసలి పెళ్లికొడుకుని నేనే" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. బెంచీలు ఊగిపోయేలా నవ్వారు. ఆ రోజు నుంచి శ్రావణిని ఎవరూ ఏమీ అనలేదు, అది బడి మానలేదు. నేను రేపల్లె స్టేషన్లో దిగితే మాత్రం "పెళ్లికొడుకు తాతయ్యొచ్చాడ్రోయ్!" అని కేకలు వినిపిస్తాయి.

కాబట్టి సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. పరీక్షకైనా సరే, లేని పిల్లను లెక్కలో వేయను. వేయక తప్పకపోతే చెల్లెలి వీధిలో వేయను. మా ఆవిడ పుట్టింటి వీధిలోనూ వేయను. ఈ చివరి వాక్యం మా ఆవిడ పక్కన నిలబడి రాయించింది.