రూతమ్మ రాసిన చిరునామా

మొన్న కొత్త దుప్పటి మడత విప్పగానే గంజి వాసన గదంతా కమ్ముకున్నది. సిరిసిల్ల బట్టకు తొలి ఉతుకు పడేదాకా ఉండే వాసన అది. కొంత పులిసిన అన్నాన్ని, కొంత యంత్రాల నూనెను గుర్తుకు తెస్తుంది. ఒక్కడే ఉండే ఇంట్లో ఏ వాసనైనా తొందరగా వెళ్లిపోదు. దుప్పటిని మంచం మీద పరచి, నాలుగు అంచులూ సమంగా సర్ది, ఎదురుగా కుర్చీలో కూర్చుండిపోయాను. నాతో పనిచేసిన రూతమ్మ భుజాన వేలాడిన సంచి కూడా ఇదే బట్టతో కుట్టినది, ఉతుకు ఎరగనిది. ఆమె గదిలోకి రాకముందే ఆ వాసన వచ్చేది. ఆమె పోయి ఆరు నెలలు దాటింది.

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత, జగిత్యాలలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ కార్యాలయ బాధ్యత నేను స్వీకరించాను. ఇల్లు విడిచి వచ్చిన, లేదా ఇంటివాళ్లే విడిచిపెట్టిన యువతీయువకులకు మానసిక చికిత్స అందేటట్టు చూడటం ఆ సంస్థ పని. డాక్టరు మంగళవారం మాత్రమే వచ్చేవాడు. మిగతా రోజులన్నీ రూతమ్మవే. రుద్రంగిలో కూలి కుటుంబంలో పుట్టి, నర్సు పని నేర్చుకుని, యాభై దాటాక ఈ పనిలోకి వచ్చిన మనిషి ఆమె. ఒకరికి మందు అందితే పడుకోవడానికి చోటుండదు. చోటు కుదిరితే మందు మానేస్తారు. రెండూ కుదిరితే పని దొరకక మళ్లీ రోడ్డున పడతారు. ఈ మూడింటినీ ఒక మనిషి చుట్టూ ఒకేసారి నిలబెట్టడం ఆమె ఉద్యోగం. ఆమె తెచ్చే దరఖాస్తులను సరిచూడటం నాది. హోదాలో నేను పైవాణ్ణి. ఆ సంగతిని ఆమె ఎన్నడూ కాదనలేదు, పట్టించుకోనూ లేదు.

మా తొలి తగవు ఒక గడి దగ్గర వచ్చింది. శ్రీకాంత్ అనే ఇరవై ఏళ్ల యువకుడి దరఖాస్తులో ‘శాశ్వత చిరునామా’ అన్న చోట ఆమె ఇట్లా రాసింది: ‘కోరుట్ల బస్టాండు, రుద్రంగి బస్సులు ఆగే కాడ, పొద్దుగాల ఏడు గొట్టంగ.’ నేను ఎర్ర సిరాతో గీత గీసి ఆమెను పిలిపించాను.

“రూతమ్మా, ఇది చిరునామా అవుతుందా?”

“గదే కద సార్ అడ్రసు. గాడనే ఉంటడు.”

“శాశ్వతం అని అచ్చువేసి ఉంది. చదివారా?”

“శాశ్వతం సంగతి మా పాస్టరయ్యను అడగాలె సార్. రేపు పొద్దుగాల యాడ దొరుకుతడో, నాకు గంతే ఎరుక.”

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మర్నాడు ఆమె నన్ను కోరుట్లకు వెంటబెట్టుకుని పోయింది. బస్టాండులో ఒక సిమెంటు బల్ల చివర సన్నగా, పొడవుగా ఉన్న కుర్రవాడు చెవుల మీద అరచేతులు పెట్టుకుని కూర్చున్నాడు. రూతమ్మ అతడి పక్కన కాక, బల్ల రెండో చివర కూర్చున్నది. అతడి వైపు చూడకుండా, వచ్చే పోయే బస్సులను చూస్తూ అడిగింది.

“ఇయ్యాల ఎన్ని నడుస్తున్నయ్?”

“రెండే, సిస్టర్.”

“మొన్న నాలుగుండె గద. మరి మంచిగే ఉన్నది.”

వాళ్లు మాట్లాడుకుంటున్నది బస్సుల సంగతి అనుకున్నాను. తరువాత తెలిసింది, సాంచాల సంగతి అని. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. శ్రీకాంత్ తండ్రి, అన్న ఆ పనివాళ్లే. అతడి తలలో పగలూ రాత్రీ సాంచాలు ఆడేవి. ఆ చప్పుడు నడుమ ఎవరో అతణ్ణి తిడుతుండేవారు. డాక్టరు రాసిన పెద్ద పేరు కాగితం మీద ఉండేది. రూతమ్మ మాత్రం సాంచాలను లెక్కపెట్టి మందు ఎట్లా పనిచేస్తున్నదో డాక్టరుకు చెప్పేది. ఇవేవీ తెలియని నేను ముందుకు వంగి, “బాబూ, సిరిసిల్లలో మీ ఇంటి నంబరు ఎంత?” అని అడిగాను. అతడు లేచి, జనం నడుమ నుంచి అవతలి వైపుకు వెళ్లిపోయాడు.

“హాజరు వట్టిండ్రా సార్?” అన్నది రూతమ్మ. “ఆని ఇంటి సంగతి ఒక్కటి అడుగకుండ్రి. మిగిలినయి ఏమన్న అడుగుండ్రి.”

కారణం చెప్పలేదు. కారణం లేని నియమాన్ని నేను నియమంగా ఒప్పుకోను. నా తప్పుకు మూలం అక్కడే ఉంది.

కొన్ని నెలలకు ఆమె తల్లి జబ్బుపడటంతో రుద్రంగికి వారం రోజులు వెళ్లింది. ఆ వారంలో నేను దస్త్రాలన్నీ క్రమంలో పెట్టాను. శ్రీకాంత్ ఆధార్ నకలు కనిపించింది. బస్టాండు మాటను కొట్టివేసి, దాని పైన ఇంటి నంబరుతో సహా సిరిసిల్ల చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పద్ధతి ప్రకారం, డాక్టరును కలవవలసిన తేదీ తెలియజేసే ఉత్తరం ఆ చిరునామాకే వెళ్లింది. నాలుగో రోజున ఉతికిన తెల్ల చొక్కాతో అతడి అన్న ఆ ఉత్తరం పట్టుకుని వచ్చాడు.

“సార్, తమ్ముడు యాడున్నడో చెప్పుండ్రి. మా అమ్మ అన్నం ముడుతలేదు.”

చేతులు జోడించి అడిగాడు. కుటుంబం తనంత తానే వచ్చిందని సంతోషించాను. చోటూ, సమయమూ కాగితం మీద రాసి ఇచ్చాను. మర్నాడు అన్న బస్సు దిగటం చూసి శ్రీకాంత్ గోడ దూకి పారిపోయాడని బస్టాండులో చాయ్ అమ్మే ఆమె చెప్పింది. ఆ తరువాత అతడు కోరుట్లలో కనిపించలేదు.

రూతమ్మ తిరిగి వచ్చి దస్త్రం తెరిచింది. కొట్టివేసిన గీత మీద వేలు పెట్టింది. ఆ ఇంట్లో అతణ్ణి సాంచాల కొట్టంలో గుంజకు కట్టేసి ఉంచేవారని అప్పుడు చెప్పింది. “రాసిపెడితె ఎవలన్న సదువుతరని రాయలే సార్,” అన్నది. దస్త్రం మూస్తూ, “దొరుకుడు వేరే, పట్టుకునుడు వేరే,” అన్నది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే క్షమాపణ చెప్పుకునే వీలుండేది.

వేములవాడ, కొండగట్టు మెట్లు, మెట్‌పల్లి, మళ్లీ కోరుట్ల. మేమిద్దరం రెండు నెలలు తిరిగాము. చివరకు ధర్మపురిలో, గోదావరి మెట్లు ఊడుస్తూ కనిపించాడు. ఆమె వెనుక నన్ను చూడగానే చీపురు కింద పెట్టాడు. “సార్, మీరు బస్సు కాడ ఉండుండ్రి,” అన్నది రూతమ్మ. వెళ్లిపోయాను. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం ఆమె ఒక్కతే మందులు తీసుకుని పోయేది. అతడు మళ్లీ నిద్రపోతున్నాడనీ, సాంచా ఒక్కటే మిగిలిందనీ నాకు ఆమె నోటినుంచే తెలిసేది.

ఆమె ఆసుపత్రిలో చేరినప్పుడు చూడటానికి వెళ్లాను.

“నా శుక్రవారం ఎవరు జూస్తరు సార్? మీరే పోండ్రి.”

“నన్ను చూస్తే లేచిపోతాడు.”

“పోతడు. మళ్లొక శుక్రవారం ఉంటది గద. ఏమడుగకుండ్రి. కూసోండ్రి, గంతే.”

ఆమె మళ్లీ ఇంటికి రాలేదు. అప్పటి నుంచి నేనే పోతున్నాను. మందుల పొట్లం మెట్టు మీద పెట్టి, దూరంగా జరిగి కూర్చునేవాణ్ణి. అతడు పొట్లం తీసుకుని లేచిపోయేవాడు. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు. జీవితమంతా ప్రశ్నలు వేసి జవాబులు దిద్దినవాడికి ఆ మెట్ల మీద మౌనం ఎంత పొడుగ్గా ఉంటుందో చెప్పలేను. అడగవద్దన్న ఆమె మాటను చాటు చేసుకుని, చెప్పవలసినదాన్ని కూడా నేను చెప్పలేదు.

పోయిన శుక్రవారం పొట్లం చేతిలోకి తీసుకుని అతడు ఆగాడు.

“సిస్టర్ ఎందుకు అస్తలేదు?”

“చనిపోయింది నాయనా. ఆరు నెలలైంది.”

అతడు నీటి వైపు తిరిగాడు. తరువాత, గొంతు పెంచకుండానే అన్నాడు: “మా అన్నకైతే ఎంటనే చెప్పిండ్రు గద సార్.”

ఆ మాట ఇప్పటికీ నాతోనే తిరుగుతున్నది. కాని అతడు ఆ మాట అని వెళ్లిపోలేదు. నాకు కొంచెం ఎడంగా, అదే మెట్టు మీద కూర్చున్నాడు. నేను ఎక్కవలసిన జగిత్యాల బస్సు వచ్చి వెళ్లిపోయిన చప్పుడు విన్నాను. ఇద్దరమూ లేవలేదు.