డేటాబేస్ మార్చిన ఆదివారం

మొన్న మా ఆఫీసుకు కొత్త సర్వర్ వచ్చింది. పెట్టె విప్పగానే థర్మోకోల్, కొత్త ప్లాస్టిక్ కలిసిన వాసన గదంతా కమ్మింది. అందరూ దాని చుట్టూ మూగారు. నేను మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు తొంభైల్లో అదే వాసన వేసిన బిలాస్‌పూర్ కంప్యూటర్ గది, అక్కడ నాకు పని నేర్పిన గౌరునాయుడు గారు గుర్తుకొస్తారు.

ఆయన రైల్వే సిబ్బంది జీతాల లెక్కలు చూసే మా కంప్యూటర్ సెంటర్‌కు సూపర్‌వైజరు. తాతల కాలంలో పార్వతీపురం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లోనే స్థిరపడిన కుటుంబం. యూనిక్స్ మెషీను మీద డేటాబేస్‌ను మొదట నిలబెట్టింది ఆయనే. కొత్తగా చేరిన రోజుల్లో నల్లటి తెర మీద మెరిసే అక్షరాలంటే నాకు భయం. "సార్, ఎర్రరొచ్చింది" అంటూ గాభరాగా లేచేదాన్ని. "వచ్చిందని మెషీనే చెప్పింది కదమ్మా. ఏటి రాసుందో చదువు" అనేవారు, కుర్చీలోంచి లేవకుండానే. అది ఆయన నేర్పే పద్ధతి అనుకున్నాను.

డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాల్సి వచ్చింది. ఆదివారం పొద్దున మేమిద్దరమే కూర్చున్నాం. పాత సమాచారమంతా టేపు మీదికి తీసి, పాతదాన్ని తొలగించి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, టేపులోంచి మళ్ళీ నింపడం మొదలుపెట్టాం. సగంలో అది ఆగిపోయింది. తెల్లవారితే జీతాల పని మొదలవ్వాలి.

"టేపు పాడైనట్టుంది సార్."

"నీకు అనిపించింది వద్దు. రాసుంది చదువు."

చివరి వరుసదాకా చదివాను. డిస్కులో ఖాళీ లేదని ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ కోసం కాపీ చేసిన ఫైళ్ళు అక్కడే ఉండిపోయాయి. తీసేయబోతుంటే ఆపారు.

"ఏ డైరెక్టరీలో ఉన్నావో ముందు చూసుకో తల్లీ. ఎక్కడున్నామో తెలీకుండా ఏదీ చెరపకూడదు."

చూసి చెప్పాను. ఆయన ఊఁ అన్నాక చెరిపాను. ఈసారి పని సాగింది.

ఊపిరి పీల్చుకుని, టీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన చెయ్యి గ్లాసు పక్కన బల్లను తడిమింది. మళ్ళీ తడిమింది. గ్లాసు చేతికి అందించి, "ఎప్పట్నుంచి సార్?" అన్నాను.

"షుగరమ్మా. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు రెండోదాంట్లో కూడా అంతా పొగే."

"ఎవరికీ చెప్పకండి. నేను చదువుతాను, మీరు చెప్పండి. రిటైరయ్యేదాకా నడిపేద్దాం."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది దీని మీదే కదా. కనబడనోడి చేతిలో ఉందని ఆళ్ళకి తెలీదమ్మా" అన్నారు.

సోమవారం జీతాల పని సవ్యంగా మొదలైందని నేను చెప్పాక, గోడ పట్టుకుని నడుస్తూ ఆయనే ఆఫీసరు గదిలోకి వెళ్ళి విషయం చెప్పేశారు. ఆయన్ను ఫోన్లు ఎత్తే సీటుకు మార్చారు. కొన్నాళ్ళకు అదీ మానేసి, అదే ఊళ్ళో సర్కండాలో కూతురింట్లో ఉండిపోయారు.

ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. మెషీను గురించి అన్నీ అడిగి, చివర్లో నెమ్మదిగా అన్నారు: "నా లాగిన్ ఉందేటి ఇంకా?"

ఉందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "తీసేశాం సార్. నేనే తీసేశాను."

"అచ్ఛా..." అని తల ఊపారు. "మంచి పని చేసావు. ఎల్లిపోయినోడి తాళం ఉంచకూడదు. ఆ రూలు నేను పెట్టిందే కదా." కాసేపటికి ఆ చూపులేని కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు. "ఇంకెవరి నోటో విని ఉంటే ఓర్చుకోలేకపోదును. నువ్వొచ్చి చెప్పావు."

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు.

ఇప్పటికీ మా ఆఫీసులో ఎవరైనా ఉద్యోగం వదిలితే, వాళ్ళ లాగిన్ తీసేసే పని ఇంకొకరికి ఇవ్వను. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెబుతాను. ఇంతమాత్రానికి ఇంతదూరం రావాలా అని కొందరు నవ్వుతారు. కొందరు మాత్రం తమ సీట్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారని అడుగుతారు. వాళ్ళ దగ్గర ఇంకొంచెంసేపు కూర్చుంటాను.