ముందు ఎవరు కూర్చోవాలి

హైదరాబాద్‌లో మా ఇంటి కింద పిండిమరలో ఇవాళ మిరపకాయలు ఆడిస్తున్నారు. ఆ ఘాటుకు రెండు తుమ్ములు తుమ్మానో లేదో పద్మక్క గుర్తొచ్చింది. నరసరావుపేటలో మిరప కోల్డ్‌స్టోరేజీలకు ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసు ఆవిడది. నాకు పని నేర్పిన మనిషి. ఆవిడతో మాటలు లేక రెండు మిరప కోతలు దాటిపోయాయి.

మా ప్రోగ్రాంలో ఒకేసారి చాలా పనులు నడవాలి. ఒకటి గేటు దగ్గర బస్తాలు లెక్కపెడుతుంది, ఒకటి గదుల్లో ఖాళీ చూస్తుంది, ఇంకొకటి రైతుకు రసీదు ఇస్తుంది. మొదట్లో నేను అన్నిటినీ ఒకేచోట అంకెలు మార్చనిచ్చాను. ఒకటి రాసింది మరొకటి చెరిపేసేది. అక్క కోప్పడలేదు, పెళ్లిలో వడ్డన ఎప్పుడూ చూడలేదా అని అడిగింది.

"అందరూ గుండిగలో గరిటె పెడితే పప్పు నేలపాలవుద్ది. గుండిగ కాడ ఒక్కడే ఉండాల. మిగతావాళ్లు అడిగి పోయించుకోవాల."

అలాగే అంకెలన్నీ గదులు చూసే ఒక్క పనికే అప్పగించి, మిగిలినవి దానికి కబురు పంపేలా రాశాను.

శావల్యాపురం వైపు ఒక స్టోరేజీలో దాన్ని మొదలుపెట్టిన రోజు మొత్తం బిగుసుకుపోయింది. బయట బస్తాల ట్రాక్టర్లు, పైన మబ్బు. అక్క తెరవంక చూసి ఒకటే నవ్వు. గది ఖాళీ ఉందన్న కబురు కోసం గేటు, బస్తాలు ఎన్నో చెప్పే కబురు కోసం గది, ఒకదానికోసం ఒకటి ఆగాయి. మా వైపు కొత్త వియ్యంకులు భోజనాల బంతి దగ్గర అచ్చం ఇంతే. మీరు కూర్చోండి బావగారూ అంటే ముందు మీరు అంటారు. అన్నం చల్లారిపోతుంది.

"మర్యాద ఎక్కువైందే వీటికి. ఎవరో ఒకరు ముందు కూర్చోవాల," అంది అక్క.

గదే ముందు కబురు పంపేలా మార్చాం. వాన పడేలోపు ట్రాక్టర్లు లోపలికెళ్లాయి.

తర్వాత నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. నేను చెప్పేలోపే ఎవరో అక్క చెవిన వేశారు. ఆవిడ అలిగింది, నేనూ బిగుసుకున్నాను. ఆవిడే ముందు ఫోన్ చేస్తుందిలే అని నేను, నేనే చేయాలని ఆవిడ. ఇప్పటికీ ఏ ప్రోగ్రాం రాసినా ముందు కబురు పంపేది ఎవరో చూసుకున్నాకే మొదలుపెడతాను. మా ఇద్దరి మధ్య మాత్రం ఆ సంగతే చూసుకోలేదు. ఎంత బెంగ పెట్టుకున్నానో నాకే తెలుసు.

తుమ్ములు తగ్గకముందే ఫోన్ చేశాను. అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఏందే, నువ్వే ముందు కూర్చున్నావా," అంది.

అన్నం చల్లారిపోయిందక్కా అన్నాను.

"చల్లారితే ఏందిలే, వేడి చేసుకుందాం."