పద్మనాభం అడగని ప్రశ్న

మా మేడమీద ఆఫీసులో పనిచేసే పద్మనాభానికి మనుషులు కనిపించరు, మెట్లు కనిపిస్తాయి. ఏ పని పాడైనా "ఎవరు చేశారు?" అని అడగడు. "ఏ మెట్టు దగ్గర జారింది?" అంటాడు. నాకా, ఎవరో తెలియకపోతే అన్నం సయించదు. ఇద్దరం ఒకే కప్పు కింద ఎలా నెగ్గుకొస్తున్నామో ఆ భగవంతుడికే తెలియాలి.

రాంగోపాల్‌పేటలో మాది పాత ఇల్లు. తుని నుంచి వచ్చి నలభై ఏళ్ళయింది. మేడని బాబూరావుగారి సాఫ్ట్‌వేర్ కంపెనీకి అద్దెకిచ్చాం. పన్నెండుమంది పిల్లలు, పన్నెండు కంప్యూటర్లు. వాళ్ళ పనిని ఒక పద్ధతిలో పెట్టడం పద్మనాభం ఉద్యోగం. మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వస్తాడు. రైలు ఆలస్యమైతే అందరూ రైల్వేవాళ్ళని తిట్టుకుంటారు. ఇతను జేబులోంచి పుస్తకం తీసి రైలుకి లెవెల్ వేస్తాడు.

"ఏమిటయ్యా ఈ లెవెళ్ళు?" అని ఒకరోజు గేటు దగ్గరే పట్టుకున్నాను.

"ఐదుంటాయి పిన్నిగారూ. ఒకటో లెవెల్ అంటే మీ పులుసు."

"నా పులుసుకేమయిందయ్యా?"

"అద్భుతం! కానీ మీరు ఊరెళ్తే బాబాయిగారికి పస్తే కదా. అంతా మీ చేతిలోనే ఉంది. రెండో లెవెల్లో ఇవాళ కుదిరిన పులుసు రేపూ కుదురుతుంది. మూడులో అది కాగితమ్మీద ఉంటుంది, ఎవరైనా పెట్టొచ్చు. నాలుగులో ఉప్పు ఎన్నిసార్లు ఎక్కువైందో లెక్క ఉంటుంది. ఐదులో ఆ లెక్క చూసుకుని రోజురోజుకీ బాగుచేసుకుంటారు. సాఫ్ట్‌వేరూ అంతే."

"మరి మీ ఆఫీసు ఎన్నో లెవెలు?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ పులుసు దగ్గరే ఉన్నాం."

వాళ్ళింట్లోనూ ఇదే వరస. వాళ్ళావిడ శ్రీలలిత ఓసారి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిందట. పల్లెత్తు మాటనకుండా వంటింటి గోడకి తొమ్మిది గళ్ళ పట్టిక అంటించాడు. మర్నాడు ఆ అమ్మాయి కంచంలో ఆ పట్టికే వడ్డించింది.

"కోపం రాలేదటయ్యా?" అన్నాను.

"ఎందుకండీ? కాగితం కంచంలోకి రాకుండా ఆపే మెట్టు నేనే రాయలేదు."

చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకొచ్చిన రోజునా అంతే. "అద్దం చూసుకోవడం నా పట్టికలో లేదు పిన్నిగారూ" అని, అక్కడికక్కడే పెన్ను తీసి చేర్చాడు. బొత్తాలు మాత్రం సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి.

ఇలా నవ్వుకుంటూ ఉండగా ఒక ఆదివారం వచ్చిపడింది. వీళ్ళు ఏదో స్కూలుకి బస్సు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టారు. పిల్లలు బస్సు ఎక్కినా దిగినా తల్లిదండ్రులకి ఫోన్లో కబురు వెళ్తుంది. బడే లేని ఆదివారం, మధ్యాహ్నం పన్నెండింటికి, తొమ్మిదివందల ఇళ్ళకి ఒకేసారి కబురు వెళ్ళింది: "మీ పిల్లవాడు ఇంకా బస్సు దిగలేదు."

తండ్రులు లుంగీలతో స్కూలుకి పరుగెత్తారు. ఒకావిడ కూతురికి తలంటుతూ ఫోను చేసి, "ఇది బస్సులో ఉంటే, నా ముందు పీటమీద కూర్చున్నదెవరండీ?" అని ఏడ్చిందట.

సోమవారం పొద్దున్నే మేడమీంచి బాబూరావుగారి కేకలు. నేను ఊరుకుంటానా? వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"గిదెవరి పని? నాకు పేరు కావాలె! సుకన్యా, ఆ బస్సు పని స్కూలుకి నువ్వే కద పంపినవ్?"

సుకన్య చేరి ఐదు నెలలు. ఆర్నెల్లు నిండితేగానీ ఉద్యోగం ఖాయం కాదు. ఆ పిల్ల గోడమీది బోర్డు వైపు చూపించింది. "అవును సార్. బోర్డు మీద అయిపోయినవాట్ల ఉండె, గందుకే పంపిన."

"టెస్టు చెయ్యకుంట పంపుతవా? రేపట్నుంచి రాకు!"

"సార్" అన్నాడు పద్మనాభం, "ఎవరన్నది వద్దు. ఏ మెట్టు దగ్గర..."

"నీ మెట్లు పాడుగాను! పరేషాన్ చెయ్యకు!"

అయినా అతను బోర్డు దగ్గరికి నడిచాడు. దాని మీద ఒక్కో పనికి ఒక్కో రంగు చీటీ. ఎడమవైపు చెయ్యాల్సినవి, మధ్యలో పరీక్షలో ఉన్నవి, కుడివైపు అయిపోయినవి. నేనూ కుడివైపు చూశాను. పసుపు చీటీలన్నీ ఒక వరస, గులాబీవన్నీ ఒక వరస, పూలదండ కట్టినట్టున్నాయి. కట్టింది నేనే!

మొన్న శుక్రవారం మిరపకాయ బజ్జీలిద్దామని పైకొస్తే అందరూ భోజనాలకి వెళ్ళారు. ఫాను గాలికి చీటీలు నేలంతా చెల్లాచెదరై ఉన్నాయి. పాపం పిల్లలకి శ్రమెందుకని ఏరి, రంగు రంగుకీ కలిపి, కుడివైపు ఖాళీలో ముచ్చటగా అంటించి దిగిపోయాను.

పద్మనాభం, మధ్యలో పరీక్ష వరసలో ఉండాల్సిన బస్సు చీటీని కుడివైపు నుంచి ఊడదీసి వెలుగులో పెట్టి చూశాడు. చీటీ మూల నాలుగు శనగపిండి వేలిముద్రలు. ఒక్కసారి వాసన చూశాడు. తలెత్తి నావంక చూశాడు.

సుకన్య బ్యాగు సర్దుకుంటోంది. నేనిక ఆగలేకపోయాను. "బాబూరావుగారూ, అసలు అదీ..."

"పిన్నిగారూ, అందరికీ కాస్త టీ పెడతారా?" అన్నాడు పద్మనాభం.

"టీ కాదయ్యా, నేను..."

"అల్లం వేసి."

ఒళ్ళు మండింది. తిట్టుకుంటూనే టీ పెట్టి తెచ్చేసరికి బాబూరావుగారు పద్మనాభం రాసిచ్చిన కాగితం చదువుతున్నారు. "చీటీలు గాలికి ఊడుతున్నాయి. ఊడినదాన్ని మళ్ళీ ఎక్కడ పెట్టాలో దానిమీద రాసి లేదు. పంపేముందు పరీక్ష కాగితం చూడాలన్న మెట్టు లేదు. ఈ మూడింటికీ మెట్లు నేను పెట్టవలసింది."

"ఏందయ్యా, అయితే నిన్ను తీసెయ్యాల్నా?"

"ముందు ఆ మూడు మెట్లూ రాయనివ్వండి సార్. తరవాత మీ ఇష్టం."

బాబూరావుగారు గ్లాసు సగం తాగి కింద పెట్టారు. "పొద్దుగూకేలోపు రాసి నా టేబుల్ మీద పెట్టు. ఓ సుకన్యా, బ్యాగు కింద పెట్టు. చాయ్ తాగు, చల్లారుతది."

అందరూ వెళ్ళాక అతన్ని నిలేశాను. "నేనేనని తెలుసు కదా?"

"ఈ ఆఫీసులో చీటీకి శనగపిండి ఇంకెవరు పూస్తారండీ?"

"మరి చెప్పనివ్వలేదేం?"

"పేరు బయటపడితే మీరు రేపట్నుంచి పైకి రారు. ఈ పిల్లలూ చిన్న తప్పు జరిగినా దాచేస్తారు. దాచిన తప్పుని ఏ లెవెలూ బాగుచెయ్యలేదు పిన్నిగారూ."

ఐదేళ్ళుగా వింత మనిషి అనుకుని నవ్వుకుంటున్నానా, ఆ పూట మాత్రం నవ్వకుండా ఖాళీ గ్లాసులు పట్టుకుని దిగిపోయాను.

వారం తిరక్కుండా మేడమీంచి పిలుపొచ్చింది. కొత్త మెట్టట. బయటికి పంపే ప్రతి పనినీ ముందు నాకు తెలుగులో వివరించాలట. మొదటి వంతు సుకన్యది.

"ఆంటీ, బస్సు ఆగంగనే గిది గడియారం చూస్తది. బడి ఉన్న రోజైతే కబురు పంపుతది."

"బడి ఉన్నట్టు దానికెలా తెలుసే?"

"క్యాలెండర్ చూస్తది ఆంటీ."

"మరి వానలొచ్చి హఠాత్తుగా సెలవిస్తేనో?"

"గప్పుడు..." అని నోరు తెరిచి, "అయ్యో!" అంటూ కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

లెవెల్ ఇచ్చే పెద్దమనుషులు వచ్చిన రోజు నన్నూ పట్టుచీరలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎవరీవిడ అని వాళ్ళడిగితే పద్మనాభం గంభీరంగా పట్టిక చూపించాడు. అందులో నా ఉద్యోగం ఇలా ఉంది: "అర్థం కాని మనిషి. ఒకరు. తప్పనిసరి."

ఆఫీసుకి మూడో లెవెల్ వచ్చింది. మా ఆడపడుచుకి ఫోను చేసి ఉద్యోగం దొరికిందని చెప్పాను. ఏం ఉద్యోగమో మాత్రం చెప్పలేదు.